టమోటా తోటలో వచ్చింది ఏ వైరస్సో ఎలా తేల్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా: మదనపల్లె దగ్గర ఎకరం హైబ్రిడ్ టమోటా, నాటి 40 రోజులైంది. కొన్ని చెట్లకు చిగురాకులు ముడుచుకుని, అంచులు పసుపెక్కి, చెట్టు గిడసబారిపోయింది. ఇంకొన్నిటికి లేత ఆకుల మీద ఊదా, నలుపు మచ్చలు, కాండం మీద నల్ల చారలు, కొన్నిటికి తల మాడింది. మందుల షాపులో ఫోన్‌లో ఫోటోలు చూసి అంతా "జెమిని వైరసే" అన్నారు, ఒక "వైరస్ మందు" ఇచ్చారు. ఇది నిజంగా ఏ వైరస్? ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చా? ల్యాబ్‌కు పంపితే ఏ పరీక్ష అడగాలి? పక్క పంటలు మిరప, వంగల్లో కనిపించే ముడత కూడా ఇదేనా?

ముందు జవాబు చెప్పేస్తాను. మీ తోటలో రెండు వేర్వేరు వైరస్‌లు ఉన్నట్టున్నాయి. ముడత పడిన చెట్లలో ఉన్నది తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్. షాపాయన చెప్పిన జెమిని అదే, అంతవరకు ఆయన మాట సరైనదే. నల్ల మచ్చలూ తలమాడుడూ ఉన్న చెట్లలోది మాత్రం దాదాపుగా తామర పురుగు తెచ్చే వేరుశనగ మొవ్వకుళ్లు వైరస్. పేరులో వేరుశనగ ఉందని కంగారు పడకండి, మన దగ్గర టమోటాను బాగా దెబ్బతీసే వాటిలో ఇదొకటి. ఫోటో చూసి, తోట చూసి "ఏ గుంపు వైరస్" అనేంతవరకు నమ్మకంగా చెప్పొచ్చు. అసలు పేరు పరీక్షలోనే తేలుతుంది. అయితే రేపు పొద్దున మీరు తోటలో చేయాల్సిన పనికి గుంపు తెలిస్తే సరిపోతుంది. పేరు కావాల్సింది విత్తన కంపెనీతో, నర్సరీతో మాట్లాడేటప్పుడు, వచ్చే పంటకు రకం ఎంచుకునేటప్పుడు.

నేను మొక్కల వైరస్‌ల ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు నర్సరీలకూ విత్తనోత్పత్తి చేసేవాళ్లకూ పరీక్షలు చేసిపెడుతుంటాను. వచ్చే శాంపిల్స్‌లో సగం గందరగోళం ఒకే చోట మొదలవుతుంది: ఆకును మాత్రమే చూస్తారు, తోటను చూడరు.

ఆకు కన్నా ముందు చాళ్లు చూడండి. గట్టు మీద నిలబడి, జబ్బు చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక కాగితం మీద చుక్కలు పెట్టండి. చుక్కలు చాలు వెంబడి వరుసగా పడితే మనిషి చేతుల మీద అనుమానం రావాలి. కట్టెలు పాతి దారం కట్టినప్పుడు, పిలకలు గిల్లినప్పుడు, ఒక చెట్టు రసం వేళ్లకు అంటుకుని పక్క చెట్టుకు చేరుతుంది. అలా పాకేది టమోటా మొజాయిక్ వైరస్, దాని దగ్గరి చుట్టం పొగాకు మొజాయిక్ వైరస్. చుక్కలు గట్ల వైపు ఎక్కువగా, లోపలికి పోయేకొద్దీ తక్కువగా ఉంటే బయటి నుంచి ఎగిరొచ్చిన పురుగు పని. చెదురుమదురుగా, ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ ఉండి, పక్క చెట్టు నిగనిగలాడుతుంటే మొవ్వకుళ్లు వైరస్ అనుకోవచ్చు.

ఆ చివరిదానికి కారణం ఉంది. మొవ్వకుళ్లు వైరస్‌ను తామర పురుగు పిల్ల దశలో ఉన్నప్పుడే జబ్బు ఆకు తిని ఎక్కించుకోవాలి. రెక్కలొచ్చిన పురుగు కొత్తగా జబ్బు చెట్టు మీద వాలి తిన్నా దానికి వైరస్ అంటదు. పిల్లగా ఉన్నప్పుడే ఎక్కించుకున్నదైతే మాత్రం బతికినన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది. అందుకే మీ తోటలో జబ్బుపడ్డ చెట్లలో చాలా వాటికి అది బయటి నుంచి, అంటే పాత టమోటా తోటల నుంచో, వేరుశనగ, పెసర, మినుము చేల నుంచో, గట్టు మీది కలుపు నుంచో వచ్చి ఉంటుంది. తోట లోపల చెట్టు నుంచి చెట్టుకు పాకడం తక్కువ. జబ్బు చెట్లు పీకేస్తే తోట మొత్తం ఆగిపోతుందని ఆశపడి, ఆగకపోతే మందు పనిచేయలేదనుకోవడం ఇక్కడే జరుగుతుంది.

తెల్లదోమ కథ వేరు. ముడత చెట్టు మీద పావుగంట, అరగంట రసం పీల్చినా దానికి వైరస్ అంటుకుంటుంది. కొన్ని గంటలు గడిచాక అంటించడం మొదలుపెట్టి, రోజుల తరబడి అంటిస్తుంది. కాబట్టి ముడత చెట్టు తోటలో ఉన్నన్నాళ్లూ అది పక్క చెట్లకు ప్రమాదమే. లక్షణం కనబడేసరికి వైరస్ ఎక్కి సాధారణంగా రెండు మూడు వారాలు అయ్యుంటుంది. మీ చెట్లు 40 రోజులకే గిడసబారి ఉన్నాయంటే, వైరస్ నారుమడిలోనో, నాటిన మొదటి రెండు వారాల్లోనో ఎక్కింది. నర్సరీ వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఇది: ట్రేల మీద నెట్ ఉందా, ఉంటే ఎంత సన్నది? 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలు) కన్నా పలచగా ఉంటే తెల్లదోమ ఇట్టే దూరిపోతుంది.

ఇప్పుడు ఆకు దగ్గరికి వద్దాం. కిరాణా షాపులో దొరికే చిన్న భూతద్దమైనా సరే, పదింతలు పెద్దగా చూపించేదైతే ఇంకా మంచిది. ముడత చెట్టు తల పట్టుకుని మూడో ఆకో నాలుగో ఆకో మెల్లగా తిప్పి అడుగు చూడండి. ఆకు అంచులు పైకి దోసిలిలా వంగి, ఈనెల మధ్య పసుపు, ఈనెలు కాస్త ఉబ్బి, ఆకు మామూలు సైజులో సగం కూడా లేకుండా ఉంటే ఆకుముడత వైరస్. అడుగున తెల్లదోమ పిల్లలు పలచని పొలుసుల్లా అంటుకుని కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు కూడా. అంటించిన దోమ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. దోమ లేదు కాబట్టి వైరస్ కాదు అనే వాదన చెల్లదు.

నల్ల మచ్చల చెట్టు దగ్గర చూడాల్సింది లేత ఆకులే. మొవ్వకుళ్లు వైరస్ మచ్చలు పైనుంచి కిందికి దిగుతాయి: చిగురాకుల మీద కంచు రంగు, ఆ తర్వాత ఊదా నలుపు చుక్కలు, కాడ మీద, కాండం మీద పొడవు చారలు, చివరికి తల మాడడం. కాయలున్న చెట్టైతే కాయ మీద ఒకదానిలో ఒకటి వలయాలు. పచ్చికాయ మీద అవి లీలగా ఉంటాయి, కాయ పండేటప్పుడు ఎరుపు, పసుపు రింగులుగా తేలతాయి. బాక్సు మార్కెట్‌కు పోయాక వేలంలో రేటు పడేది అక్కడే. మచ్చలు కింది ముసలి ఆకుల నుంచి మొదలై, మచ్చలోపల చెట్టు మొద్దులో కనిపించేలాంటి గుండ్రని గీతలుంటే అది వైరస్ కాదు, శిలీంధ్రం తెచ్చే ఆకుమాడు తెగులు. ఈ రెండూ కలిపేసుకుని శిలీంధ్రపు మందు కొట్టడం నేను చాలాసార్లు చూశాను.

మూడో గుంపు మీ తోటలో లేనట్టుంది, అయినా తెలుసుకోండి. ఆకు నారలా, దారంలా సన్నబడిపోయి, ఆకు రేకే లేనట్టు అయితే దోస మొజాయిక్ వైరస్ కావచ్చు. పేనుబంక తెస్తుంది, వెయ్యికి పైగా రకాల మొక్కలకు అంటుతుంది. 2023లో టమోటా ధర కొండెక్కినప్పుడు మహారాష్ట్ర రైతుల నోట ఎక్కువగా వినిపించిన పేరిదే. అదే ఏడాది దక్షిణాదిలో టమోటా మొజాయిక్ పేరు నలిగింది. కానీ ఆకు దారంలా అయిన ప్రతిసారీ వైరస్ అనుకోకండి. కలుపు మందు 2,4-డి గాలికి కొట్టుకొచ్చినా అచ్చం అలాగే అవుతుంది. టమోటా ఆ మందుకు ఎంత సున్నితమంటే, పక్క మొక్కజొన్న చేలో కొట్టిన పంపునే కడక్కుండా తెచ్చి పురుగుమందు కొట్టినా చాలు. తేడా ఇలా పట్టుకోండి: కలుపు మందు దెబ్బ ఒక్కరోజులో, ఒక పక్కగా, చాళ్లన్నిటికీ ఒకే ఎత్తులో కనిపిస్తుంది. కొన్ని వారాలకు కొత్తగా వచ్చే ఆకులు మామూలుగా వస్తాయి. వైరస్ చెట్టుకు అలా కోలుకున్న చిగురు రాదు. పుంగనూరు వైపు ఒక తోట నుంచి శాంపిల్ వస్తే మాకు తెలిసిన పరీక్షలన్నిటిలో ఏమీ రాలేదు. ఆ రైతును పక్క చేను సంగతి అడిగితే గానీ విషయం బయటపడలేదు.

చెట్టు పచ్చగా ఉండగానే హఠాత్తుగా వాడిపోతే అది బాక్టీరియా ఎండు తెగులు కావచ్చు. కాండం మొదట్లో కోసి గాజు గ్లాసు నీళ్లలో వేలాడదీయండి, కొన్ని నిమిషాల్లో తెల్లని పాల దారం లాంటిది దిగితే బాక్టీరియా. ఖర్చు లేని పరీక్ష ఇది, దీనికి ల్యాబ్ అక్కర్లేదు.

పక్క పంటల గురించి కూడా అడిగారు. మిరపలో ముడత అనగానే బొబ్బర తెగులు, జెమిని అనేస్తారు. ముందు ఆకు ఎటు ముడిచిందో చూడండి. పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిచి కాడ సాగితే నల్లి. వీటికి మందు ఉంది, చెట్టు కోలుకుంటుంది. ఆకు పైకి ముడవడంతో పాటు ఈనెలు ఉబ్బి, ఆకులు గుత్తులుగా చిన్నబడి, చెట్టు కుదించుకుపోతే అప్పుడు వైరస్. వంగలో ఆకులు చిన్నవైపోయి చెట్టు చీపురులా అయ్యే వెర్రి తెగులు అసలు వైరస్సే కాదు, ఫైటోప్లాస్మా అనే బాక్టీరియా లాంటి జీవి, దీపపు పురుగులు తెస్తాయి. వైరస్ పరీక్షకు దాన్ని పంపితే ప్రతిసారీ "లేదు" అనే వస్తుంది.

ఇక పరీక్షలు. ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

తోటలోనే చేసే స్ట్రిప్పులు దొరుకుతాయి. ఆకును ద్రావణమున్న సంచిలో నలిపి స్ట్రిప్పు ముంచితే, గర్భ పరీక్షలో లాగా, కొన్ని నిమిషాల్లో రెండు గీతలు వస్తే ఉన్నట్టు. పనికొచ్చేవే, కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి: విదేశీ స్ట్రిప్పుల్లో చాలా వాటిని టమోటా స్పాటెడ్ విల్ట్ వైరస్ కోసం తయారు చేస్తారు. మన మొవ్వకుళ్లు వైరస్ దానికి దాయాదే గాని, స్ట్రిప్పు గుర్తుపట్టే ప్రోటీన్‌లో తేడా ఎక్కువ. కాబట్టి తోట నిండా తలమాడుడు ఉన్నా ఆ స్ట్రిప్పు ఒకటే గీత చూపిస్తుంది. కొనేముందు ఏ వైరస్ కోసం చేసిందో పెట్టె మీద చదవండి. రెండోది దీనికి తలకిందులు: టమోటా మొజాయిక్ స్ట్రిప్పు దాని చుట్టాలకు కూడా గీత చూపిస్తుంది. పొగాకు మొజాయిక్ అయినా, 2014లో ఇజ్రాయెల్‌లో బయటపడి, 2015లో జోర్డాన్ తోటల్లో గుర్తించిన బ్రౌన్ రుగోస్ వైరస్ అయినా గీత రావచ్చు. ఈ చివరిది టమోటా మొజాయిక్‌ను ఆపే టీఎమ్-2 స్క్వేర్ జన్యువును కూడా దాటేస్తుంది. అందుకే విత్తన వ్యాపారం చేసేవాళ్లకు దానంటే అంత టెన్షన్. ఎగుమతి విత్తనమైతే స్ట్రిప్పు దగ్గర ఆగకండి.

ఎలైజా పరీక్షదీ ఇదే సూత్రం, ల్యాబ్‌లో 96 గుంటల ప్లేటులో చేస్తారు. ఒకేసారి చాలా శాంపిల్స్‌కు చవకగా అయిపోతుంది. మొవ్వకుళ్లు, దోస మొజాయిక్, టమోటా మొజాయిక్‌లకు బాగా సరిపోతుంది. ఆకుముడత గుంపుకు అంత నమ్మకంగా పనిచేయదు. దానికి పీసీఆర్ అడగాలి, అంటే వైరస్ జన్యుపదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి పట్టుకునే పరీక్ష.

"పీసీఆర్ చేయండి" అని మాత్రం అడగొద్దు, దేనికి పీసీఆరో చెప్పండి. ఆకుముడత వైరస్‌ది డీఎన్ఏ. మొవ్వకుళ్లు, దోస మొజాయిక్, టమోటా మొజాయిక్‌లది ఆర్ఎన్ఏ, వాటిని ముందు డీఎన్ఏగా మార్చి ఆ తర్వాత పీసీఆర్ చేయాలి. ఆ మెట్టుకు వేరే కిట్, వేరే ఖర్చు. ఆకుముడత ప్రైమర్లతో (ఆ గుంపు జన్యువునే వెతికే చిన్న డీఎన్ఏ ముక్కలతో) పీసీఆర్ చేసి "వైరస్ లేదు" అని రిపోర్టిస్తే, మొవ్వకుళ్లు గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పనట్టే. నా దగ్గరికి ఇలాంటి "నెగటివ్" రిపోర్టులు పట్టుకుని వచ్చిన వాళ్లున్నారు. కాగితం కింద చిన్న అక్షరాల్లో ఏ వైరస్ కోసం వెతికారో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. ఆకుముడతలోనూ బెంగళూరు వైరస్, న్యూఢిల్లీ వైరస్ అంటూ ఊళ్ల పేర్లతో చాలా ఉన్నాయి. మామూలు పీసీఆర్ గుంపును పట్టుకుంటుంది, ఊరు పేరు కావాలంటే సీక్వెన్సింగ్, అంటే వైరస్ జన్యువును అక్షరం అక్షరం చదివించడం, చేయించాలి. రైతుగా మీకు అది అనవసరం. పరిశోధకులకు అవసరం, ఎందుకంటే ఈ న్యూఢిల్లీ వైరస్ టమోటాతో ఆగదు. బంగాళాదుంపకు, బీర, సొరలకు పాకుతుంది, 2012లో స్పెయిన్‌లో జుకినీ (గుమ్మడి జాతి కూరగాయ) తోటల్లో తేలింది.

పాతకాలపు పద్ధతి ఒకటుంది, నాకు ఇప్పటికీ ఇష్టం. సీ-152 రకం అలసంద కుండీలో వేసి, మొదటి రెండాకులు విచ్చుకోగానే జబ్బు టమోటా ఆకు రసం రుద్దడం. కల్వం, ద్రావణం రెండూ ఐస్ మీద చల్లగా ఉండాలి. మొవ్వకుళ్లు వైరస్ మామూలు వేడిలో కొన్ని గంటలకే చచ్చిపోతుంది. అలసంద ఆకు మీద సన్నని కార్బొరండం పొడి (ఆకు పైపొరను కొద్దిగా గీరే గరుకు పొడి) చల్లి, రసంలో ముంచిన వేలితో ఆకు చిరగకుండా మెత్తగా రుద్ది, నీళ్లతో కడిగేయాలి. మూడు నుంచి ఐదు రోజుల్లో గుండ్రని పసుపు మచ్చలు వచ్చి, మధ్యలో మాడతాయి. అయితే పొగాకు స్ట్రీక్ వైరస్ కూడా అలసంద మీద ఇలాంటి మచ్చలే వేస్తుంది. 2000లో అనంతపురం జిల్లాలో దాదాపు రెండు లక్షల పాతిక వేల హెక్టార్ల వేరుశనగను కాండంకుళ్లుతో పడుకోబెట్టింది ఆ వైరస్సే. మొదట చాలామంది మొవ్వకుళ్లే అనుకున్నారు, పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించాక గానీ వేరే వైరస్ అని తేలలేదు. వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, తామర పురుగుల ఒంటికి అంటుకుని పంట మీదికి వస్తుంది. కాబట్టి అలసంద మచ్చలు "వైరస్ ఉంది" అని చెబుతాయి, పేరు కోసం మళ్లీ ఎలైజాకు పోవాల్సిందే. ఆకుముడత వైరస్‌లు చాలావరకు రసం రుద్దితే అంటవు, వాటికి ఈ దారి పనికిరాదు.

పొగాకు మొజాయిక్ దీనికి పూర్తిగా విరుద్ధం. ఎండిన ఆకులో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. బీడీ, చుట్ట తాగిన చేత్తో నారు ముట్టుకోవద్దనేది ఇందుకే. నర్సరీల్లో నేను చెప్పేది: పిలకలు గిల్లే ముందు చేతులు సబ్బుతో కడిగి, మధ్యమధ్యలో వెన్న తీసిన పాలలో ముంచుకోండి. నవ్వుతారు గాని పాలలోని ప్రోటీన్ వైరస్‌ను అంటకుండా చేస్తుంది, ఇది చాలాకాలంగా తెలిసిన సంగతి.

మీ "వైరస్ మందు" గురించి కూడా చెప్పాలి. మొక్కలో చేరిన వైరస్‌ను చంపే మందు బజారులో లేదు. ఆ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువగా సూక్ష్మపోషకాలు, సముద్రపు నాచు సారం లాంటివి ఉంటాయి. కొట్టిన వారానికి చెట్టు పచ్చబడినట్టు కనిపిస్తుంది, చిగురు మళ్లీ ముడుచుకునే వస్తుంది. ఆ డబ్బుతో పసుపు జిగురు అట్టలు తెల్లదోమకు, నీలం అట్టలు తామర పురుగుకు పెట్టుకోండి.

ఈ వారం పని: ముడత చెట్లు ఇప్పుడే పీకేయండి, 40 రోజులకు ఇంత గిడసబారినవి ఇక కాపు ఇవ్వవు, పైగా పక్క చెట్లకు ప్రమాదం. పీకే ముందు దోమ మందు కొట్టండి, లేదంటే కదిలించగానే దోమలన్నీ లేచి పక్క చాలుకు పోతాయి. తల మాడిన చెట్లనూ తీసేయండి, కానీ దానివల్ల పెద్ద మార్పు ఆశించొద్దు. వాటి విషయంలో ఫలితమిచ్చేది గట్ల మీది కలుపు తీయడం, తామర పురుగును అదుపులో పెట్టడం. వచ్చే పంటకు ఆకుముడత తట్టుకునే రకం అడగండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ల అర్కా రక్షక్‌కు ఆకుముడత, బాక్టీరియా ఎండు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునే గుణం ఉంది. మొవ్వకుళ్లును ఆ మూడింటిలో లెక్కేసుకోకండి. రెండు మూడు వరసల జొన్నో మొక్కజొన్నో టమోటా నాటడానికి ముందే చుట్టూ వేసుకుంటే రెండు పురుగులకూ కొంత అడ్డు.

ల్యాబ్‌కు పంపాలనుకుంటే మాడిన ఆకులు పంపకండి, మనం అనుమానిస్తున్న ఈ వైరస్‌లు చచ్చిన ఆకులో సరిగా దొరక్కపోవచ్చు. లక్షణం అప్పుడే మొదలైన లేత ఆకులు, ముడత చెట్లవి ఒక కవర్‌లో, మచ్చల చెట్లవి ఇంకో కవర్‌లో, ఒక్కో దానికి ఐదారు చెట్ల నుంచి తీయండి. ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఆకులు మూడో కవర్‌లో తప్పనిసరిగా పెట్టండి, పోల్చడానికి అది లేకపోతే పరీక్ష చేసేవాళ్లకు కష్టం. ఆకులు తడపకుండా న్యూస్ పేపర్‌లో చుట్టి, కవర్‌లో వేసి, ఐస్ ముక్కలున్న డబ్బాలో అదే రోజు పంపండి. ఫ్రీజర్‌లో పెట్టి తీయొద్దు. కవర్ మీద రకం పేరు, నారు ఎక్కడ కొన్నారు, నాటిన తేదీ, లక్షణం మొదట చూసిన తేదీ, గత నెలలో కొట్టిన మందులన్నీ, పక్క చేలలో ఏ పంట ఉందో రాయండి. ముడత కవర్‌కు "ఆకుముడత గుంపుకు పీసీఆర్", మచ్చల కవర్‌కు "మొవ్వకుళ్లు, పొగాకు స్ట్రీక్ రెండింటికీ ఎలైజా" అని అడగండి. మీరు నాకు పంపిన ఫోటోల్లో మూడో చెట్టుకు ముడత, మచ్చలు రెండూ కలిసి ఉన్నట్టు అనుమానంగా ఉంది. దాని ఆకులు రెండు కవర్లలోనూ కొన్ని కొన్ని వేయండి.